న్యూస్‌రీలులో నవ్విన మనిషి

మా ఇంట్లో ఒకే ఒక్క పెళ్ళి ఫొటో ఉండేది. అందులో పెళ్ళికొడుకు మొహం కనిపించదు.

పెళ్ళికూతురు మా మేనత్త, నాన్న చెల్లెలు. ఆమె మొహం చక్కగా పడింది. పదహారేళ్ళ పిల్ల, కళ్ళు ఇంతింత చేసుకుని కెమెరా వైపే చూస్తూ ఉంటుంది. పక్కన మామ. నెత్తిన జరీ తలపాగా, నుదుట బాసికం, దానికి కట్టిన మల్లెపూల జల్లి. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి కదలొద్దని కేక వేసిన క్షణానికే ఈయనకు సిగ్గు ముంచుకొచ్చిందో తుమ్ము ముంచుకొచ్చిందో, తల దించేశాడట. పూల వెనక కాస్త గడ్డం, ఒక చెవి, అంతే పడ్డాయి. ఇంకోటి తీయమని ఎవరూ అడగలేదు. మొహం ఎక్కడికి పోతుంది, రోజూ చూసేదే కదా అనుకున్నారు.

ఏడాది తిరక్కుండానే ఆ మొహం కనబడకుండా పోయింది. మామ వాళ్ళది ఆనేకల్, మగ్గాల ఇల్లు. ఒకరోజు పొద్దున సంతకు పోయొస్తానని బయలుదేరినవాడు మళ్ళీ రాలేదు. బావుల్లో చూశారు, సత్రాల్లో చూశారు, ఊరికొచ్చిన నాటకం కంపెనీ వెంట పడి పోయాడేమోనని ఆ కంపెనీ ఆడిన ఊళ్ళన్నీ తిరిగారు. ఇంట్లో కొట్లాట లేదు, ఒంట్లో జబ్బు లేదు. ఎందుకు పోయాడన్నది ఈనాటికీ ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళు చూసి నాన్న అత్తను మా ఇంటికి, బళేపేటకు తీసుకొచ్చేశాడు. నేను పుట్టింది ఆ సంవత్సరమే. కాబట్టి నాకు తెలిసిన మామ అంటే కాస్త గడ్డం, ఒక చెవి.

బళేపేటలో మాది గాజుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. గాజుల సంగతంతా తన చేతిలోనే ఉందని నాన్న అనుకునేవాడు గానీ, ఆడవాళ్ళు వచ్చేది అత్త కోసం. ఆమె చాప మీద కూర్చుని, వచ్చినామె చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ కణుపులు మెల్లగా పిసుకుతూ కన్నడంలోనో తెలుగులోనో అరవంలోనో ఇంటి సంగతులు అడుగుతూ ఉండేది. అవతలామె జవాబు చెప్పేలోపల గాజు మణికట్టు దాటి ఉండేది. ఎంత గట్టి చెయ్యికైనా, ఎంత చిన్న గాజైనా చిట్లేది కాదు. పెళ్ళికూతుళ్ళను, సీమంతం పిల్లలను పనిగట్టుకుని ఆమె దగ్గరికే తీసుకొచ్చేవాళ్ళు.

గాజులు తొడిగే చెయ్యి ముత్తయిదువ చెయ్యి అయితీరాలి. మా వాళ్ళలో అది మార్చడానికి వీల్లేని కట్టుబాటు. మరి అత్త ముత్తయిదువేనా? మొగుడు ఉన్నాడని ఎవరూ చెప్పలేరు, లేడని ఎవరూ చెప్పలేదు. లేడన్న మాట రానంతకాలం ఉన్నట్టే లెక్క. ఆ లెక్క మీదే అత్త కుంకుమ పెట్టుకుంది, రెండు చేతుల నిండా పచ్చగాజులు వేసుకుంది, ఊళ్ళో పిల్లలందరికీ తొడిగింది. తెలివైనవాళ్ళు ఆ ప్రశ్న అడిగేవాళ్ళు కాదు. తెలివి తక్కువవాళ్ళు అడిగితే అమ్మ నోరు ఊరుకునేది కాదు.

అయితే ఇలాంటి లెక్కకు పెద్దవాళ్ళు ఒక గడువు పెట్టి ఉంచారు. పన్నెండేళ్ళు కబురు లేకపోతే ఆ మనిషి పోయినట్టే. దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి, కర్మ చేసేయాలి. ఆ పదోరోజు అతని భార్య గాజులు పగలగొట్టాలి, కుంకుమ చెరపాలి.

పన్నెండేళ్ళు నిండాయని చెప్పడానికి ఒక మధ్యాహ్నం పెద్దమామ వచ్చాడు. పెద్దమామంటే మామకు అన్న. ఆయన్ను తిట్టుకోవాలని నాకు అప్పట్లో చాలా ఉండేది. ఇప్పుడు లేదు. ఆయన కడుపున పుట్టిన బిడ్డలు ఒక్కరూ నిలవలేదు. నీళ్ళు వదలని ప్రాణం ఒకటి ఇంటి చుట్టూ తిరుగుతోందని ఎవడో జోస్యుడు చెప్పాడు. ఆ మాట చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న ఎదురు చెప్పలేకపోయాడు.

పెద్దమామ చంకలో గుడ్డలో చుట్టిన పటం ఒకటి ఉంది. విప్పి గోడకు ఆనించాడు. చిక్కపేట దగ్గర ఒక స్టూడియోలో ఆ పెళ్ళి ఫొటో నకలు ఇచ్చి, మామను మాత్రం వేరు చేసి పెద్దది చేయించాడట. అప్పట్లో ఆ పని చేసే ఆర్టిస్టులు పేటనిండా ఉండేవాళ్ళు. చనిపోయినవాళ్ళకు కళ్ళు తెరిపించేవాళ్ళు, గుంపులో నిలబడ్డవాణ్ణి లాగి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. బాసికం తీసేశారు, పూలు తీసేశారు, కోటు తొడిగారు. ఆ పూల వెనక ఏముందో తెలియదు కాబట్టి అక్కడొక మొహం పెట్టారు.

"నా తమ్ముడే కదా, పోలిక ఉంటాదిలే అని నన్నే ఎదురుగ్గా కూర్చోబెట్టుకుని గీసినాడప్పా ఆ ఆర్టిస్టు" అన్నాడు పెద్దమామ. అందులో ఏదైనా తప్పుందని ఆయనకు తోచలేదు. "బాగా వచ్చింది కదా?"

నిజంగానే బాగా వచ్చింది. పెద్దమామకు మీసం నల్లబడి, బుగ్గలు నిండి, పదిహేనేళ్ళు తగ్గితే ఎలా ఉంటాడో అలా ఉంది. కర్మ రోజున దండ వేయడానికి ఆ పటం. అత్త గడప దగ్గర నిలబడి దాన్ని చూసింది. చూసి, లోపలికి పోయి, బియ్యం చాట అందుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. అమావాస్యకు ముహూర్తం పెట్టారు. అది పదిరోజుల్లో ఉంది.

ఆ పదిరోజులూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాన్న పురోహితుడి దగ్గరికి రెండుసార్లు పోయాడు. ఇంకో ఏడు ఆగితే ఏమవుతుందని అడిగాడట. కట్టుబాటు మనం పెట్టింది కాదు కదప్పా అని ఆయన అన్నాడట. అంగడికి వచ్చే ఆడవాళ్ళకు సంగతి తెలిసిపోయింది. కొందరు అవసరం లేకపోయినా వచ్చి గాజులు వేయించుకున్నారు, రేపు దొరకని వస్తువు ఈరోజే కొనిపెట్టుకున్నట్టు. ఒకామె తన కూతురి పెళ్ళి వచ్చే నెలలో ఉన్నా ఇప్పుడే తీసుకొచ్చింది. అత్త ఆ పిల్ల చేతులు పిసుకుతూ ఎప్పట్లాగే పెళ్ళికొడుకు సంగతులు అడిగింది. నాకు ఆ తల్లి మీద ఒళ్ళు మండిపోయింది.

అమ్మకు బాధ కలిగితే రెండే దారులు, ఏడవడం, సినిమాకు పోవడం. ఏడ్చి ఏడ్చి విసిగి, మంగళవారం మాటినీకి నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. మెజెస్టిక్ వైపు ఒక పాత థియేటరు, ఆడవాళ్ళకు ఒక పక్కన వేరే బెంచీలు. ఆ రోజుల్లో అసలు సినిమాకు ముందు గవర్నమెంటు న్యూస్‌రీలు వేసేవాళ్ళు. మంత్రులు రిబ్బన్లు కత్తిరించడం, ట్రాక్టర్లు, ఆనకట్టలు, వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు. ఆ గొంతు వింటే నాకు మా స్కూలు హెడ్‌మిస్ట్రెసు గుర్తొచ్చేది. జనం అది అయిపోయాకే నింపాదిగా లోపలికి వచ్చేవాళ్ళు. అమ్మ మాత్రం తెర తెల్లబడినప్పటి నుంచీ చూడాల్సిందే. సినిమా హీరోను ఎంత శ్రద్ధగా చూసేదో ట్రాక్టరునూ అంత శ్రద్ధగా చూసేది. నేను ఎన్నోసార్లు ఆమెను ఎగతాళి చేశాను.

ఆరోజు ఉత్తరాదిన ఎక్కడో కడుతున్న ఆనకట్ట చూపించారు. కూలీలు మట్టిగంపలు మోస్తూ బారులుగా పోతున్నారు. ఒక మనిషి గంప కింద పడేసి, ఎడమ భుజానికేసి మూతి తుడుచుకుని, కెమెరా వైపు తిరిగి పళ్ళన్నీ కనబడేట్టు నవ్వాడు. అంతలోనే ఆ మనిషి పోయి ఒక పెద్ద యంత్రం వచ్చింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే రెండు గాజులు చిట్లాయి.

"మీ మామ" అంది.

ఆమె లేచి నిలబడిపోయింది. వెనకవాళ్ళు కూర్చోమని గోల చేశారు. ఆ తర్వాత ఆడిన సినిమా ఏదో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. పెళ్ళయిన ఏడాదిలో మామ మా ఇంటికి పండక్కో పబ్బానికో వచ్చినప్పుడల్లా అమ్మే ఆయనకు వడ్డించింది. అన్నం తిని లేచి, భుజాన తువ్వాలు ఉన్నా సరే, ఇలాగే ఎడమ భుజానికి మూతి తుడుచుకునేవాడట. ఆ నవ్వూ అదేనట. నాకు కనబడింది మాత్రం ఒక నవ్వు. మోయాల్సిన బరువు దించేసిన మనిషి నవ్వు.

అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మేం ఇల్లు చేరేలోపలే సగం బళేపేటకు తెలిసింది. అత్తకు మాత్రం అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని, మెల్లగా చెప్పింది. బతికే ఉండాడని, గంప మోస్తా ఉండాడని, హాయిగా నవ్వుతా ఉండాడని చెప్పింది. అత్త అంతా విని ఒక్క మాటే అడిగింది.

"నవ్వుతా ఉండాడా?"

అమ్మ అవునవునని ఆ నవ్వును వర్ణించడం మొదలుపెట్టింది. అత్త పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచిపోయింది.

బుధవారం నాన్న ఒక్కడే పోయి చూసి వచ్చాడు. కావచ్చు అన్నాడు. కాకపోవచ్చు కూడా అన్నాడు. బొమ్మ అంత త్వరగా పోతే ఎవడు చెప్పగలడని విసుక్కున్నాడు. నాన్నకు అబద్ధం చెప్పడం చేతకాదు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. న్యూస్‌రీలు వారం వారం మారిపోతుంది. శుక్రవారం వచ్చిందంటే ఈ రీలు ఏ ఊరికి పోతుందో థియేటరువాళ్ళకే తెలియదు. మిగిలింది గురువారం ఒక్కటే. నాన్న పురోహితుణ్ణి అడిగాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, కట్టుకున్నది తన కళ్ళతో చూసి బతికున్నాడని చెబితే నేను నిప్పు ముట్టను, ఇంకెవరి మాటా నాకు అక్కర్లేదు అన్నాడు. ఆనేకల్‌కు మనిషిని పంపి పెద్దమామను పిలిపించారు.

అత్త సినిమా చూసి పన్నెండేళ్ళు దాటింది. మొగుడు దూరాన ఉన్న ఆడది వేడుకలకు పోకూడదని మా నాయనమ్మ బతికున్నప్పుడు పెట్టిన ఆంక్ష. నాయనమ్మ పోయినా అత్త దాన్ని దాటలేదు. గురువారం ఆమె ఉతికిన చీర కట్టుకుని, కుంకుమ సరిచేసుకుని, జట్కాలో నా పక్కన కూర్చుంది. దారంతా గాజులు ఒక్కొక్కటే మణికట్టు మీద తిప్పుతూ ఉంది. ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అపశకునం అంటారని దిగమింగాను.

పెద్దమామ థియేటరు దగ్గర మాకంటే ముందే నిలబడి ఉన్నాడు. చంకలో అదే పటం. పోల్చి చూసుకోవడానికి తెచ్చాడట. గేటు దగ్గరి మనిషి ఆ పటమేమిటని అడ్డగించాడు. నాన్న నచ్చజెప్పి లోపలికి పంపించాడు. మగవాళ్ళు ఒక వైపు, మేం ముగ్గురం ఆడవాళ్ళ బెంచీల మీద. అత్త నాకూ అమ్మకూ మధ్య కూర్చుంది.

దీపాలు ఆరాయి. తెర మీద నేరుగా అసలు సినిమా మొదలైంది.

అమ్మ ఉలిక్కిపడింది. అవతలి నుంచి నాన్న లేచి బయటికి పరుగెత్తడం కనబడింది. కాసేపటికి ఆయన గేటు దగ్గరికి వచ్చి అమ్మను పిలిచి చెప్పాడు. న్యూస్‌రీలు ఒకటే, థియేటర్లు రెండు. ఒకచోట వేసి, డబ్బా సైకిలు మీద కట్టుకుని రెండోచోటికి తెస్తారు. ఆరోజు ఆ సైకిలు రాలేదు. వస్తే ఇంటర్వెల్లు తర్వాత వేస్తాం, రాకపోతే లేదు అని మేనేజరు చెప్పాడు. రాకపోతే ఏం చేస్తావని నాన్న గొడవ పెట్టుకుంటే, న్యూస్‌రీలు కోసం గొడవపడే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని నవ్వాడట.

నాకు సినిమా అంటే అప్పటికీ ఇప్పటికీ పిచ్చి. కానీ ఆ మధ్యాహ్నం ఆ హీరో హీరోయిన్ల మీద వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు. పాట తర్వాత పాట. చెట్టు చాటున దాక్కోవడం, చెరువులో రాయి విసరడం. ఇంత తీరికగా ఎలా ప్రేమించుకుంటారు వీళ్ళు? వెనక బెంచీలో ఒకామె ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది. అమ్మ అంచెలంచెలుగా దేవుళ్ళందరికీ మొక్కుతోంది. అత్త తల వంచుకుని ఒళ్ళో చేతులు చూసుకుంటూ ఉంది. ఆమె ఒక్కసారి కూడా తెర చూడలేదు.

ఇంటర్వెల్లు దీపాలు వెలిగాయి. సోడా సీసాల చప్పుడు, మావైపు కడలేకాయలనే వేరుశెనక్కాయల వాసన. మగవాళ్ళ వైపు పెద్దమామ పటం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పక్కవాడు వంగి ఎవరిదని అడుగుతున్నాడు. నాన్న లేడు, రోడ్డు మీద సైకిలు కోసం నిలబడ్డాడు. మొదటి గంట కొట్టారు. అమ్మ నా వైపు చూసింది, అత్తను చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. రెండో గంటకు గేటులో నుంచి ఒక మనిషి చెమటలు కక్కుతూ తగరపు డబ్బా ఎత్తుకుని మెట్లెక్కి పైకి పరుగెత్తాడు. వెనకే నాన్న. గొలుసు తెగి, ఆ మనిషి సగం దారి సైకిలు తోసుకుంటూ వచ్చాడట.

దీపాలు ఆరాయి. గంభీరమైన గొంతు మొదలైంది. ఇంటర్వెల్లు తర్వాత ఇదేం ఖర్మరా అని నేల మీద కూర్చునే గాంధీ క్లాసులో ఈలలు వేశారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. ఎక్కడో వరదలొచ్చాయి. పడవల్లో బియ్యం పంచారు. ఆ తర్వాత ఆనకట్ట వచ్చింది, కూలీల బారు వచ్చింది.

"అదిగో, ఇప్పుడు" అంది అమ్మ.

నేను తెర చూడాల్సింది. ఎందుకో అత్త వైపు తిరిగాను. మామ ఎలా ఉంటాడో నాకు తెలియదు కాబట్టి, ఆయన అవునో కాదో ఆమె మొహంలోనే తెలుస్తుందనుకున్నానేమో. తెర వెలుతురు ఆమె మొహం మీద పడుతోంది. అత్త కళ్ళు మూసుకుని ఉంది.

మామూలుగా మూసుకోవడం కాదు. కనుబొమలు ముడిపడేంత బిగించి మూసుకుంది. పెదవులు కూడా బిగించింది. రెండు చేతులతో గాజులు గట్టిగా పట్టుకుంది, ఒక్కటి కూడా చప్పుడు కాకుండా. అవతలి పక్క అమ్మ తెరను మింగేసేలా చూస్తోంది, ఆమెకు ఇదేమీ తెలియదు. గొంతు మారి టెన్నిస్ పోటీల గురించి చెప్పడం మొదలుపెట్టాక అత్త కళ్ళు తెరిచింది. తెరిచి నన్ను చూసింది. నేను చూశానని ఆమెకు తెలిసింది.

మిగతా సినిమా ఎవరూ చూడలేదు. అందరం వరండాలోకి వచ్చేశాం. పెద్దమామ పటాన్ని నిలువుగా ఎత్తిపట్టుకుని, తమ్ముడు కాదని తల అడ్డంగా ఊపాడు. ఈ ముక్కేది, ఈ బుగ్గలేవి, వాడు ఎముకల గూడు, వాడెవడో ఉత్తరాది కూలీ అన్నాడు. ఆయన ఏడుపు ఆపుకుంటున్నాడు. తెర మీది మనిషి తమ్ముడే అయి ఉండాలని ఎంత ఆశపడి వచ్చాడో ఆ మొహం చూస్తే తెలుస్తోంది. నాన్న ఆ పటం వైపు కాసేపు చూశాడు.

"బావా, ఈ పటంలో ఉండేది నీ మొహం. తెర మీద నువ్వు వెతికింది నిన్నే" అన్నాడు.

పెద్దమామ పటాన్ని తన వైపు తిప్పుకుని చూసుకున్నాడు. మెల్లగా దాన్ని కిందికి దించి గోడకు ఆనించాడు. అప్పుడు అందరి కళ్ళూ అత్త మీద పడ్డాయి. పెద్దవాళ్ళ ముందు ఆమె ఎప్పుడూ గొంతెత్తేది కాదు. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. నా నోట్లో నుంచి ఏ మాట వస్తుందోనని నాకే భయం వేసి, రెండో చేత్తో నోరు మూసుకున్నాను.

"ఆయనే" అంది అత్త.

పెద్దమామ ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "బాగా చూసినావా అమ్మా? నీ కళ్ళతో చూసినావా?"

"నా మొగుణ్ణి నేను గుర్తుపట్టకుండా పోతానా బావా? ఆయనే. బతికుండాడు. ఆ పటానికి దండ వేయొద్దండి."

అంటున్నంతసేపూ ఆమె కళ్ళు నేల మీదే ఉన్నాయి. పెద్దమామ అక్కడే, వచ్చేపోయే జనం మధ్య, మెట్ల మీద కూలబడి తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నా తమ్ముడు బతికుండాడు అని పదేపదే అనుకుంటూ ఏడ్చాడు. కాసేపటికి తలెత్తి, నవ్వినాడు కదమ్మా, చిన్నప్పుడు అట్లే నవ్వుతా ఉండె కదా అని అడిగాడు. అత్త నా చేతిలోని కొంగు మెల్లగా విడిపించుకుని, నవ్వినాడు అంది.

అమావాస్య వచ్చింది, పోయింది. పురోహితుడు మాట మీద నిలబడ్డాడు. పెద్దమామ ఆ పటాన్ని దండ లేకుండా ఆనేకల్ ఇంట్లో తగిలించుకున్నాడు. వచ్చినవాళ్ళు అది ఆయన చిన్నప్పటి ఫొటో అనుకునేవాళ్ళు, ఆయన కాదని చెప్పడం కొన్నాళ్ళకు మానేశాడట. జోస్యుడు ఇంకేదో శాంతి చెప్పాడు, చేయించారు. ఆ తర్వాత ఒక ఆడపిల్ల పుట్టి నిలిచింది. శాంతి వల్ల నిలిచిందో, నిలిచే బిడ్డ కాబట్టి నిలిచిందో నాకు తెలియదు. ఆ పిల్ల మొదటి గాజులు మాత్రం అత్త చేత్తోనే వేయించారు.

నాన్న ఆ ఆనకట్టను వెతుక్కుంటూ పోతానన్నాడు. సుమ్మనే ఎందుకన్నా, ఊరికే శ్రమ అంది అత్త. అయినా పోయాడు. న్యూస్‌రీలు మన ఊరికి వచ్చేటప్పటికి పాతబడి ఉంటుందన్న సంగతి అక్కడికి పోయాక గాని ఆయనకు తట్టలేదు. ఆనకట్ట కట్టడం అయిపోయింది, కూలీలు చెదిరిపోయారు. రైలు మసితో నల్లబడి తిరిగొచ్చి, దొరకలేదు అని చెబుతూ అత్త మొహంలోకి చూడలేకపోయాడు. అత్త ఆయనకు స్నానానికి నీళ్ళు తోడింది. ఆమె ఏమైనా బాధపడుతుందేమోనని నేను వెనకవెనకే తిరిగాను. బాధపడినట్టు లేదు. ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది.

ఆ రోజు చూసింది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇంకో పిల్ల అయితే అమ్మతోనైనా అనేసి ఉండేదేమో. నేను మొండిదాన్ని, నా నోట్లో నువ్వుగింజ మొలకెత్తినా ఉమ్మను. కానీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. అబద్ధం చెప్పడానికి కళ్ళు మూసుకోనక్కర్లేదు కదా. చూసి కూడా చెప్పవచ్చు. పోనీ చూసి ఉంటే అది నిజమే అయి ఉండేదేమో. పన్నెండేళ్ళు ఎదురుచూసిన మనిషి కళ్ళెదుటికి వస్తుంటే, ఆ ఒక్క క్షణం ఎందుకు మూసుకుంది?

అరవైల చివర్లో నా పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందురోజు పొద్దున అత్త నన్ను చాప మీద కూర్చోబెట్టుకుని, చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, అందరికీ పిసికినట్టే కణుపులు పిసకడం మొదలుపెట్టింది. మర్నాడు రాబోయే ఫొటోగ్రాఫరు ముందు పెళ్ళికొడుకును తల ఎత్తి ఉంచమని చెప్పండర్రా అని అమ్మ వంటింట్లో నుంచి అరుస్తోంది. ఇంట్లో అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. గాజులు తొడిగేటప్పుడు ఆమె అందరినీ మాటల్లో పెట్టేది. ఈసారి నేనే ఆమెను మాటల్లో పెట్టాను.

"అత్తా, ఆ పొద్దు నువ్వు కళ్ళు మూసుకున్నావు కదా."

ఏ పొద్దని ఆమె అడగలేదు. నా వేళ్ళు పిసుకుతూనే ఉంది. అడగకూడనిది అడిగానని నా ఒళ్ళు బిగుసుకుపోయింది. ఆమె పచ్చగాజు ఒకటి తీసి నా వేళ్ళ దాకా తెచ్చి ఆగింది.

"ఆయన కాకపోతే నా గాజులు పోతాయి" అంది, నా చేతినే చూస్తూ. "ఆయనే అయితే, నవ్వుతా ఉండాడని మీ అమ్మ చెప్పింది కదా. నేను లేకుండా అంత బాగా నవ్వేటోణ్ణి నేను ఎందుకు చూడాల పాపా?"

చెయ్యి వదులుగా పెట్టు, బిగబట్టితే చిట్లుతాది అంది అత్త, మామూలు గొంతుతో. వదులు చేశాను. గాజు మణికట్టు దాటింది.